పట్టా తర్వాతి తొంభై రోజులు

అమెరికాలో ఎంఎస్ పూర్తిచేసిన విదేశీ విద్యార్థి చేతికి రెండు వస్తాయి. ఒకటి విశ్వవిద్యాలయం ఇచ్చే పట్టా. రెండోది ప్రభుత్వం ఇచ్చే చిన్న కార్డు, ఈఏడీ. పనిచేసుకోవడానికి అనుమతి అది. దాని మీద ఒక ప్రారంభ తేదీ ఉంటుంది. ఆ తేదీ నుంచి చదువుకు సంబంధించిన ఉద్యోగం లేకుండా గడిచిన ప్రతి రోజునూ లెక్కపెడతారు. శని, ఆదివారాలు, పండగలు కూడా అందులోనివే. మధ్యలో ఒక ఉద్యోగం దొరికి పోయిందనుకోండి, ఆ తర్వాత ఖాళీగా ఉన్న రోజులు పాతవాటికి వచ్చి కలుస్తాయి. అన్నీ కలిపి 90 దాటితే విద్యార్థి హోదా పోయినట్టే.

2008 నుంచీ ఉన్న నిబంధనే ఇది. అయినా అప్పు కాగితాల మీద సంతకం పెట్టే తల్లిదండ్రుల్లో ఎంతమందికి దీని సంగతి తెలుసు? విదేశీ చదువు గురించి మన ఇళ్లలో జరిగే చర్చంతా ఏ యూనివర్సిటీ, ఎంత ఫీజు, వీసా వస్తుందా రాదా అన్నదాని చుట్టూనే తిరుగుతుంది. విమానం ఎక్కించేసరికి సగం బరువు దిగినట్టు అనిపిస్తుంది. ప్రభుత్వ పథకాల ఆలోచన కూడా అక్కడికే ఆగిపోతుంది. పేద పిల్లలు విదేశీ విశ్వవిద్యాలయంలో అడుగుపెట్టడమే సమానావకాశం అనుకుంటున్నాం. కానీ ఉన్నవాళ్ల పిల్లలకూ లేనివాళ్ల పిల్లలకూ తేడా తరగతి గదిలో కంటే చదువు అయిపోయాక వచ్చే ఈ ఖాళీ రోజుల్లోనే ఎక్కువగా బయటపడుతుంది. దాన్ని కాస్త వివరంగా చెప్పుకుందాం.

ముందు ఈ ఏర్పాటు ఎలా పనిచేస్తుందో చూద్దాం. ఎఫ్-1 వీసా మీద చదివినవారికి చదువు ముగిశాక ఏడాది పాటు తమ రంగంలో పనిచేసుకునే వీలుంది. దీన్నే ఓపీటీ అంటారు. సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, గణితం చదివినవారికి, అంటే స్టెమ్ కోర్సులవారికి, ఇంకో 24 నెలల పొడిగింపు ఉంటుంది. 2008లో ఈ పొడిగింపు 17 నెలలే. 2016లో పెంచారు. అలా మొత్తం మూడేళ్లు. స్టెమ్ పొడిగింపు వచ్చాక ఖాళీ రోజుల పరిమితి కూడా 90 నుంచి 150కి పెరుగుతుంది.

కోర్సు స్టెమ్ అవునా కాదా అన్నది పేరును బట్టి తేలదు. ప్రతి కోర్సుకూ సిప్ కోడ్ అని ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య ప్రభుత్వ జాబితాలో ఉంటేనే పొడిగింపు. ఒక విశ్వవిద్యాలయంలో స్టెమ్ కిందికి వచ్చే మేనేజ్‌మెంట్ కోర్సు, అలాంటి పేరుతోనే ఇంకోచోట రాకపోవచ్చు. విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో ఈ కోడ్ ముద్రించి ఉంటుంది. ఒక్క సంఖ్య చూసుకోనందుకు రెండేళ్ల పని అనుమతి చేజారితే ఆ నష్టాన్ని పూడ్చే దారి ఉండదు.

అమెరికాలో విదేశీ విద్యార్థుల వివరాలను ఓపెన్ డోర్స్ అనే నివేదిక ఏటా ప్రచురిస్తుంది. 2023-24లో అక్కడున్న భారత విద్యార్థులు 3,31,602 మంది. 2009 తర్వాత తొలిసారి చైనాను దాటాం. మరుసటి ఏడాది ఈ సంఖ్య 3,63,019కి చేరింది. పైకి చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. లోపలికి వెళితే, మాస్టర్స్, పీహెచ్‌డీ స్థాయిలో చదువుతున్నవారు ఆ ఏడాది దాదాపు పది శాతం తగ్గారు. ప్రధానంగా పెరిగింది ఓపీటీ మీద ఉన్నవారు. 97,556 నుంచి 1,43,740కి. అంటే కొత్తగా తరగతిలోకి వచ్చేవారు తగ్గుతుంటే, చదువు ముగించి ఉద్యోగాల బజారులో నిలబడినవారు ఒక్క ఏడాదిలో దాదాపు సగం మేర పెరిగారు. హైదరాబాద్, విజయవాడ, వరంగల్, గుంటూరు నుంచి వెళ్లినవారు వీరిలో ఎంత పెద్ద సంఖ్యలో ఉంటారో మన వీధుల్లో ఇళ్లు లెక్కపెట్టినా తెలుస్తుంది.

ఇంతమందికి ఉద్యోగాలు ఎందుకు కష్టమవుతున్నాయి? చదువు రాక అనుకుంటే పొరపాటే. అమెరికా కంపెనీల ఉద్యోగ దరఖాస్తుల్లో చాలా వాటిలో ఒక ప్రశ్న ఉంటుంది: మీకు ఇప్పుడు గానీ ముందుముందు గానీ వీసా స్పాన్సర్‌షిప్ అవసరమవుతుందా? అవును అని టిక్ పెట్టగానే చాలా కంపెనీల్లో ఆ దరఖాస్తు పక్కకు పోతుంది. మూడేళ్ల తర్వాత ఆ ఉద్యోగిని నిలబెట్టుకోవాలంటే హెచ్-1బీ ఉద్యోగ వీసా కావాలి. దానికి ఏడాదికి 65,000 వీసాలు, అమెరికాలో మాస్టర్స్ లేదా ఆపై చదివినవారికి అదనంగా 20,000. ఏటా మార్చిలో కంపెనీలు పేర్లు నమోదు చేస్తాయి. 2025 మార్చిలో అర్హమైన నమోదులు 3,43,981 వస్తే, 1,20,141 ఎంపికయ్యాయి. మూడింట ఒక వంతు. అదే ఏడాది సెప్టెంబరులో కొత్త హెచ్-1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల రుసుము విధిస్తూ ఉత్తర్వు వచ్చింది. అమెరికాలోనే ఉంటూ విద్యార్థి హోదా నుంచి మారేవారికి అది వర్తించదని అక్టోబరులో వివరణ ఇచ్చినా, ఎందుకొచ్చిన తలనొప్పి అని వెనక్కి తగ్గే చిన్న కంపెనీలను ఆ వివరణ ఎంతవరకు ఆపగలదు?

ఇదంతా ఉన్నవాడికీ లేనివాడికీ ఒకటే కదా అనిపించవచ్చు. నిబంధన ఒకటే. దాన్ని ఎదుర్కొనే బలం ఒకటి కాదు. మొదటి తేడా క్యాలెండర్ దగ్గరే మొదలవుతుంది.

ఆగస్టులో చేరిన విద్యార్థికి మరుసటి వేసవిలో ఇంటర్న్‌షిప్ చేసే అవకాశం వస్తుంది. చదువయ్యాక ఉద్యోగం రావడానికి అన్నిటికంటే నమ్మకమైన దారి ఆ ఇంటర్న్‌షిప్పే. నచ్చినవారిని కంపెనీలు తర్వాత ఉద్యోగంలోకి తీసుకుంటాయి. కానీ పెద్ద కంపెనీలు ఆ వేసవి దరఖాస్తులను అంతకుముందు ఆగస్టు, సెప్టెంబరుల్లోనే తెరుస్తాయి. కెరీర్ ఫెయిర్ కూడా చాలాచోట్ల సెప్టెంబరులోనే. అంటే విమానం దిగి, అద్దె ఇల్లు వెతుక్కుని, బ్యాంకు ఖాతా తెరిచి, మొదటి అసైన్‌మెంట్‌తో కుస్తీ పడుతున్న వారాల్లోనే రెజ్యూమె సిద్ధంగా ఉండాలి. అన్నో అక్కో బాబాయి కొడుకో అక్కడ ముందే ఉన్న పిల్లలకు ఈ సంగతి హైదరాబాద్‌లో ఉండగానే తెలుస్తుంది. జూలైలోనే రెజ్యూమె దిద్ది పెట్టుకుంటారు, తెలిసినవారి చేత రెఫరల్ పెట్టించుకుంటారు. ఇంటిలో మొదటిసారి డిగ్రీ చదివిన కుర్రాడికి ఇది చెప్పేవారుండరు. తెలిసేసరికి జనవరి వస్తుంది, మంచి అవకాశాలు అయిపోతాయి. మార్కుల్లో ఇద్దరూ సమానమే అయినా, ఒకరికి సమాచారం ఆరు నెలల ముందు అందింది.

బ్రిటన్‌లో ఈ ఇబ్బంది ఇంకా ఎక్కువ. అక్కడ మాస్టర్స్ ఏడాదే. పెద్ద సంస్థల గ్రాడ్యుయేట్ ఉద్యోగాల దరఖాస్తులు చాలావరకు శరదృతువులోనే వచ్చి ముగిసిపోతాయి. సెప్టెంబరులో చేరినవాడు చేరిన నెలలోనే ఉద్యోగం వెతకాలి.

రెండో తేడా అప్పు. ఇదే అసలైనది.

విద్యారుణం ఏడున్నర లక్షల వరకు ఆస్తి తనఖా లేకుండా ఇవ్వాలని బ్యాంకుల సంఘం నమూనా పథకం చెబుతుంది. అమెరికా చదువుకు ఆ డబ్బు ఏ మూలకు? అంతకు మించితే ఆస్తి చూపాలి. సాగు భూమిని చాలా బ్యాంకులు విద్యారుణానికి తనఖాగా ఒప్పుకోవు. పట్టణంలో ఇల్లో, స్థలమో అడుగుతాయి. ఇక అసైన్డ్ భూమి ఉన్న దళిత, గిరిజన కుటుంబాల పరిస్థితి చెప్పనక్కర్లేదు. ఆ భూమి చేతులు మారకుండా 1977 చట్టం ఆంక్షలు పెట్టింది. పేదల భూమి పోకుండా కాపాడటానికి తెచ్చిన మంచి చట్టమే. కానీ విద్యారుణానికి ఆ కాగితం బ్యాంకు కౌంటరు మీద చెల్లడం కష్టం. దాంతో ఈ కుటుంబాలు ఎక్కువ వడ్డీకి ఇచ్చే ప్రైవేటు రుణ సంస్థల దగ్గరికి వెళ్తాయి. అవి చాలాసార్లు చదువు సాగుతుండగానే నెలనెలా వడ్డీ కట్టమంటాయి. మిగిలింది ఊళ్లో నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. ఐదు లక్షలు అలా తెస్తే నెలకు పది వేలు వడ్డీకే పోతుంది.

ఒక లెక్క వేసి చూద్దాం. ముప్పై లక్షల అప్పు, 11 శాతం వడ్డీ. మొత్తం ఒకేసారి తీసుకున్నారనుకుంటే ఏడాదికి వడ్డీ 3 లక్షల 30 వేలు. రెండేళ్ల చదువు అయ్యేసరికి బాకీ 36 లక్షల 60 వేలు అవుతుంది. దాన్ని పదేళ్లలో తీర్చాలంటే ఈఎంఐ నెలకు 50 వేల పైచిలుకు. డాలర్లలో జీతం వస్తే రెండు మూడేళ్లలో తీర్చేయవచ్చు. ఇక్కడికి తిరిగివచ్చి ఐటీ కంపెనీలో ఏడాదికి నాలుగు లక్షల జీతంతో చేరితే, జీతమంతా కట్టినా ఈఎంఐకి చాలదు. అంటే ఈ అప్పు డాలర్ జీతం వస్తుందన్న నమ్మకం ఒక్కదాని మీదే నిలబడి ఉంది. ఆ జీతం వస్తుందో రాదో తేలేది పైన చెప్పిన తొంభై రోజుల్లో.

ఆ రోజుల్లో చేతిలో డబ్బు ఏముంటుంది? చదువుతున్నంతకాలం క్యాంపస్‌లో వారానికి 20 గంటలు పనిచేసుకోవచ్చు. చదువు ముగిసిన రోజుతో ఆ పని ఆగిపోతుంది. నలుగురు కలిసి అద్దెకున్నా తిండికీ ఇంటికీ నెలకు వెయ్యి డాలర్ల దగ్గర పడుతుంది. స్థోమత ఉన్న తండ్రి ఆ ఖాళీ నెలల్లో డబ్బు పంపి, మంచి ఉద్యోగం వచ్చేదాకా ఆగమంటాడు. ఇంటి దగ్గర నెల వడ్డీ మొదలైపోయిన కుటుంబంలోని అమ్మాయి ఆగలేదు, వచ్చిన మొదటి అవకాశాన్ని పట్టుకుంటుంది. ఆ తొందరను సొమ్ము చేసుకోవడానికి ఒక వ్యాపారమే పుట్టింది.

మనవాళ్లు దాన్ని కన్సల్టెన్సీ అంటారు. అందులో నిజాయితీగా పనిచేసేవి ఉన్నాయి. కానీ అనుభవం లేని రెజ్యూమెలో ఐదారేళ్ల అనుభవం రాసి, ప్రాజెక్టు దొరికేదాకా బెంచ్ మీద కూర్చోబెట్టి, ఉద్యోగంలో ఉన్నట్టు ఒక ఆఫర్ లెటర్ మాత్రం చేతికిచ్చేవీ ఉన్నాయి. తొంభై రోజుల గడియారం ఆగినట్టు కాగితం మీద కనిపిస్తుంది. అసలు ప్రమాదం తర్వాత వస్తుంది. 2020 అక్టోబరులో, లేని కంపెనీల్లో పనిచేస్తున్నట్టు చూపారంటూ అమెరికా అధికారులు 15 మంది విద్యార్థులను అరెస్టు చేశారు. వారిలో 11 మంది భారతీయులు. అంతకుముందు 2011లో కాలిఫోర్నియాలోని ట్రై-వ్యాలీ విశ్వవిద్యాలయం వీసా మోసం కేసులో మూతపడినప్పుడు నష్టపోయినవారిలో అత్యధికులు తెలుగు పిల్లలే. కొందరి కాళ్లకు నిఘా పరికరాలు తగిలించారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్టన్ పేరుతో బయటపడినది అసలు విశ్వవిద్యాలయమే కాదు, అధికారులే పన్నిన వల. అందులో చిక్కుకున్నవారిలోనూ మనవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఇలాంటి వార్తలు వచ్చినప్పుడల్లా పిల్లలదే తప్పని తేల్చేస్తాం. తెలిసి తప్పు చేసినవారు కొందరు ఉండవచ్చు. మిగతావారిని అక్కడిదాకా నెట్టింది గడియారం, అప్పు కలిసి. ఆ రెండూ పోకుండా హెచ్చరికలు ఎన్ని ఇచ్చినా బాధితులు పుడుతూనే ఉంటారు.

పేద పిల్లల విదేశీ చదువు విషయంలో మన ప్రభుత్వాలు చేతులు కట్టుకుని కూర్చోలేదు. ఎస్సీ, ఎస్టీ విద్యార్థుల కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2013లో మొదలైన అంబేడ్కర్ ఓవర్సీస్ విద్యానిధిని తెలంగాణ 20 లక్షల వరకు పెంచింది. బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో, మైనారిటీలకు ముఖ్యమంత్రి పేరుతో ఇలాంటి పథకాలే ఉన్నాయి. కూలి చేసుకునే కుటుంబాల పిల్లలు అమెరికా, బ్రిటన్, జర్మనీ విశ్వవిద్యాలయాల్లో కూర్చున్నారంటే అందులో ఈ పథకాల వాటా చిన్నది కాదు. దీన్ని మనస్ఫూర్తిగా చెప్పుకోవాలి. ఆంధ్రప్రదేశ్ 2022లో దారి మార్చి, ప్రపంచ ర్యాంకుల్లో ముందున్న విశ్వవిద్యాలయాలకే ఫీజు కడతామంది. మంచి చోట చదివితే మంచి ఉద్యోగం వస్తుందన్న ఆలోచన అందులో ఉంది. కానీ ఆ ర్యాంకుల విశ్వవిద్యాలయంలో సీటు తెచ్చుకోగల పిల్లలు ఎక్కువగా ఎక్కడ చదివి వస్తారు? ప్రభుత్వ డిగ్రీ కాలేజీ నుంచి వచ్చే వారి సంఖ్య దానంతటదే పడిపోతుంది. గుమ్మం ఎత్తు పెంచితే మొదట ఆగిపోయేది ఎవరో ఊహించడం కష్టం కాదు.

కేంద్రం ఎస్సీ తదితర వర్గాలకు ఇచ్చే నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఇంకా పాతది, 1954-55 నుంచి ఉంది. ఫీజు, జీవనభృతి, విమాన ఛార్జీ అన్నీ ఇస్తుంది. పేద విద్యార్థికి నిజంగా సరిపోయే పథకం అంటే అదే. అయితే దేశం మొత్తానికి ఏడాదికి 125 మందికే.

తెలంగాణ పథకంలో డబ్బు చేతికందే తీరు గమనించండి. అక్కడ దిగినట్టు రుజువు చూపాక మొదటి పది లక్షలు, మొదటి సెమిస్టర్ ఫలితాలు చూపాక రెండో పది లక్షలు. అక్రమాలు జరగకుండా పెట్టిన జాగ్రత్త ఇది, కారణం అర్థమవుతుంది. కానీ వీసా ఇంటర్వ్యూలో చూపాల్సిన నిధులు, మొదటి సెమిస్టర్ ఫీజు, టికెట్టు, అద్దె అడ్వాన్సు ఇవన్నీ అంతకంటే ముందే కావాలి. పథకం ఉన్నా అప్పు తప్పదు. నిధుల విడుదల ఆలస్యమైతే వడ్డీ పెరుగుతూ పోతుంది. పైగా పథకం ఇచ్చే చివరి రూపాయి చదువు సగంలోనే అందేస్తుంది. ఆ తర్వాత వచ్చే ఖాళీ నెలలకు ఏ పథకంలోనూ పద్దు లేదు.

ఉండాలంటాను. కొత్తగా కోట్లు కుమ్మరించక్కర్లేదు. ఇచ్చే 20 లక్షల్లోనే ఒకటిన్నర, రెండు లక్షలు పట్టా తర్వాతి ఉద్యోగ వేటకు మూడో వాయిదాగా కేటాయించవచ్చు, లేదా ఆ ఖాళీ నెలల వడ్డీని ప్రభుత్వం భరించవచ్చు. ఎంపికైన పిల్లలకు బయల్దేరే ముందు ఒక నెల శిక్షణ పెట్టి, ఇంటర్న్‌షిప్ క్యాలెండర్, రెజ్యూమె, ఇంటర్వ్యూ నేర్పవచ్చు. ఇదివరకు ఇదే పథకం మీద వెళ్లి స్థిరపడినవారు వందల్లో ఉన్నారు. వారిని ఒక్కొక్క కొత్త విద్యార్థితో కలిపితే చాలు, బాబాయి కొడుకు లేని లోటు కొంత తీరుతుంది.

దేశాన్ని బట్టి ఈ గడియారం ఎంత మారుతుందో కూడా చూసుకోవాలి. బ్రిటన్ 2021 జూలైలో తెరిచిన గ్రాడ్యుయేట్ రూట్‌లో ఖాళీ రోజుల లెక్క లేదు, దాదాపు ఏ ఉద్యోగమైనా చేసుకోవచ్చు. మాస్టర్స్ వారికి రెండేళ్లు. 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవారికి అది 18 నెలలే. కానీ ఆ అనుమతికే డబ్బు కట్టాలి. 2025 ఏప్రిల్ నాటి లెక్కన దరఖాస్తుకు 880 పౌండ్లు, ఆరోగ్య సర్‌ఛార్జి ఏడాదికి 1,035 చొప్పున రెండేళ్లకు 2,070. మన డబ్బులో మూడు లక్షల పైమాటే, అదీ ముందుగా. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు చాలావాటిలో ఫీజు లేదు. చదువయ్యాక ఉద్యోగం వెతుక్కోవడానికి 18 నెలలు ఇస్తారు. ఏడాది ఖర్చు కింద 11,904 యూరోలు బ్యాంకులో ముందే వేసి చూపాలి. పేద ఇంటి పిల్లలకు నా దృష్టిలో ఇప్పుడు అన్నిటికంటే తక్కువ ప్రమాదం ఉన్న దారి ఇదే. షరతు ఒక్కటే, జర్మన్ భాష మాట్లాడేంత రావాలి. ఇంగ్లిష్ మీడియం కోర్సులో చేరిపోయి భాషను పక్కనపెట్టినవారు ఉద్యోగాల దగ్గర ఇబ్బంది పడుతున్నారు.

అమెరికానే ఎంచుకుంటే తెలుసుకోవాల్సినవి కొన్ని. ఓపీటీకి చదువు ముగిసే తేదీకి 90 రోజుల ముందు నుంచే దరఖాస్తు చేయవచ్చు. ముందే చేయాలి. కార్డు మీద ప్రారంభ తేదీని, చదువు ముగిశాక 60 రోజుల్లోపు ఏ రోజైనా కోరుకోవచ్చు. ఆ తేదీ ఎంత తర్వాతికి జరిగితే గడియారం అంత ఆలస్యంగా మొదలవుతుంది. అంటే వెతుక్కోవడానికి తొంభై కాదు, నూటయాభై రోజుల దాకా చేసుకోవచ్చు. మొదటి ఏడాది ఓపీటీలో, కార్మిక చట్టాలకు లోబడి, తమ రంగంలోనే వారానికి కనీసం 20 గంటలు జీతం లేకుండా చేసే పని కూడా ఉద్యోగం కిందికే వస్తుంది. ప్రొఫెసర్ ప్రయోగశాలలోనో, స్వచ్ఛంద సంస్థలోనో చేరి గడియారాన్ని న్యాయంగానే ఆపవచ్చు. స్టెమ్ పొడిగింపులో మాత్రం ఇది కుదరదు. ఏ సందేహమైనా విశ్వవిద్యాలయంలోని అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయాన్ని అడగాలి, రూమ్మేట్‌ను కాదు.

చేరకముందు అడగాల్సిన ప్రశ్న కూడా ఒకటుంది. పాస్ అయిన వారిలో ఇంత శాతానికి ఉద్యోగాలు వచ్చాయని విశ్వవిద్యాలయాలు చెప్పుకునే లెక్కలో స్పాన్సర్‌షిప్ అక్కర్లేని స్థానికులూ ఉంటారు. విదేశీ విద్యార్థులకు విడిగా ఎంత అని మెయిల్ రాసి అడగండి. సీటు ఇప్పించే కన్సల్టెన్సీ ఆ అంకె చెప్పకపోవచ్చు. చాలా కన్సల్టెన్సీలకు విశ్వవిద్యాలయాల నుంచే కమీషన్ అందుతుంది. అమెరికా ప్రభుత్వ సలహా కేంద్రం ఎడ్యుకేషన్ యూఎస్ఏ హైదరాబాద్‌లోనూ ఉంది, అక్కడ సలహా ఉచితం.

తిరిగి రావాల్సి వస్తే? దాన్ని పరువు తక్కువగా చూసే అలవాటు మనలో బలంగా ఉంది. ఆ భయంతోనే పిల్లలు తప్పుడు కాగితాల దాకా వెళ్తున్నారు. బ్రిటన్ ఏడాది మాస్టర్స్‌ను 2022 ఒప్పందంతో మన దేశం గుర్తించింది. విదేశీ పట్టాలకు సమానత్వం ఇచ్చే విధానంపై యూజీసీ 2025లో కొత్త నిబంధనలు తెచ్చింది. ప్రభుత్వ ఉద్యోగానికో పీహెచ్‌డీకో వెళ్లాలనుకునేవారు ఆ ధ్రువీకరణ ముందే తీసుకోవాలి. అప్పు విషయంలో చాలామందికి తెలియని వెసులుబాటు ఒకటుంది. ఉద్యోగం లేని కాలంలోనూ, చాలీచాలని జీతమున్నప్పుడూ కొంతకాలం వాయిదాలు ఆపే అవకాశం రుణ కాలంలో రెండు మూడుసార్లు ఇవ్వవచ్చని బ్యాంకుల సంఘం నమూనా పథకంలోనే ఉంది. బ్యాంకు తనంతట తానుగా చెప్పదు. మొదటి ఈఎంఐ తప్పక ముందే శాఖకు వెళ్లి, లిఖితపూర్వకంగా అడిగి, రసీదు తీసుకోవాలి.